బండకు పులుపు పడదు

నేను బండలు పరిచే మేస్త్రీని. ఇరవై ఎనిమిదేళ్లుగా మోకాళ్ల మీదే నా పని. తాండూరు, బేతంచర్ల, కడప... ఏ ఊరి బండైనా తాపీ పిడితో ఒక్క దెబ్బ కొడితే తన సంగతి తనే చెప్పేస్తుంది. ఖంగున మోగితే దించుకుంటాను. బొంగురుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టే, మళ్లీ లారీ ఎక్కాల్సిందే.

ఇవన్నీ సున్నపురాళ్లే. పొరలుపొరలుగా ఉంటాయి కాబట్టి గనిలో పలకలుగా లేపుతారు. గ్రానైట్ మీద చాకుతో గీస్తే చాకే అరుగుతుంది, దీని మీద గీత పడుతుంది. అమరావతి శిల్పులు పలనాటి సున్నపురాయిని పట్టుకున్నది ఆ మెత్తదనం చూసే అయ్యుంటుంది.

మా నాన్నది సున్నం కాలం. ఇదే రాయిని బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి, వంద కిలోల మేలిరకం రాయికి 56 కిలోల సున్నం మిగులుతుంది. పిడుగురాళ్ల నుంచి వచ్చిన ఆ గడ్డల మీద నీళ్లు పోస్తే గుంతలో కుతకుత ఉడికేది. వద్దన్నా దగ్గరికి పోయేవాణ్ని. ఓ చుక్క చిట్లి పడ్డ మచ్చ మోచేతి మీద ఇంకా ఉంది. గోడకు కొట్టాక ఆ సున్నం పోయిన వాయువును గాలిలోంచి మళ్లీ లాక్కుని రాయైపోతుంది. తమలపాకుకు రాసేదీ ఈ సున్నమే.

నాకు బుద్ధొచ్చింది మాత్రం పులుపు దగ్గర. ఓ ఇంట్లో పాలిష్ అయిపోయింది, మూలల్లో సిమెంటు మరకలు మిగిలాయి. మా కుర్రాడు బాత్రూం కడిగే యాసిడ్ తెచ్చి పోశాడు. బండ బుసబుసమని నురగ కక్కింది. కడిగి చూస్తే అద్దంలాంటి చోటల్లా గరుకు.

"ఏంటి మేస్త్రీ, ఇది కొత్త ఇల్లా, పాత సత్రమా?" అన్నారు ఇంటావిడ.

వాడిననేం లాభం, చెప్పనిది నేను. మళ్లీ మిషన్ పట్టించాను, రెండు రోజుల కూలి నా చేతిది పోయింది.

యాసిడే అక్కర్లేదు. నిమ్మరసమో చింతపండు పులుసో ఒలికి కాసేపు ఉంటే చాలు, మెరుపు చచ్చి మరక మిగులుతుంది. అందుకే వంటగట్టుకు కడప బండ అడిగితే వద్దంటాను, గ్రానైట్ వేసుకోమంటాను. ఏది వేసినా నా కూలి ఒకటే.

ఇంట్లో నాపబండలుంటే మామూలు నీళ్లు, కాస్త సబ్బు చాలు. ఆ యాసిడ్ సీసాను మాత్రం హాల్లోకి రానివ్వకండి.