వంశధార వెంట

శ్రీకాకుళం చూడ్డానికి వచ్చేవాళ్లు అరసవల్లిలో సూర్యనారాయణస్వామికి దండం పెట్టుకుని, శ్రీకూర్మంలో తాబేళ్లను చూసి, సాయంత్రానికి కళింగపట్నం ఒడ్డున కాసేపు కూర్చుని వెళ్లిపోతారు. మూడూ చూడదగ్గవే. కాని అలా చూస్తే జిల్లా దేనికది విడిగా మిగిలిపోతుంది. వంశధార పట్టుకుని కిందికి దిగితే సవరల కొండలు, గంగరాజుల రాజధాని, బౌద్ధుల ఆరామం, ఓడరేవు వరసగా ఎదురై ఒకే కథలో కలుస్తాయి.

ఒడిశాలోని కలహండి జిల్లాలో, లాంజిగఢ్ వైపు నియమగిరి కొండల్లో పుడుతుంది ఈ ఏరు. సముద్రం చేరేదాకా నడక సుమారు 254 కిలోమీటర్లు. 2013లో డోంగ్రియా కోంధులు 12 గ్రామసభల్లో ఒక్క మాట మీద నిలబడి బాక్సైట్ తవ్వకాలు వద్దన్నది ఈ కొండల కోసమే. అది వాళ్ల దేవుడి కొండ గొడవ మాత్రమే అనుకోకూడదు. కొండ నెత్తిన అడవి బతికితేనే ఊటలు బతుకుతాయి. ఆ ఊటలను నమ్ముకున్నవాళ్లలో నరసన్నపేట వరిరైతు కూడా ఉన్నాడు.

గుణుపురం దాటాక భామిని మండలం దగ్గర ఏరు మన రాష్ట్రంలోకి వస్తుంది. కొంత దూరం రెండు రాష్ట్రాలకూ ఇదే సరిహద్దు. నేరడి దగ్గర ఆనకట్ట కోసం సాగిన తగాదా ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. గొట్టా బ్యారేజీ చేరకముందే పర్లాకిమిడి మీదుగా వచ్చిన మహేంద్రతనయ ఇందులో కలుస్తుంది.

పర్లాకిమిడి పేరు వచ్చాక గిడుగు రామమూర్తి పంతులుగారిని తలవకుండా ముందుకు పోలేను. ఆయన 1863లో పుట్టిన పర్వతాలపేట, ముఖలింగానికి దగ్గరలోనే, ఈ ఏటి పక్కనే ఉంది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, కొండల మీంచి దిగివచ్చే సవరల భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాషకు వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిపోతే ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆగస్టు 29న వాడుకభాష కోసం ఆయన పడిన పాటును తలుచుకుంటాం, మంచిదే. ఈ ఏటి గట్ల మీద ఆయన చేసిన పని మాత్రం అంతగా గుర్తుకు రాదు.

హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ. కుడి ఎడమ కాలవలు ఇక్కడ విడిపోతాయి. పక్కనే కట్టిన జలాశయం నిండుగా ఉన్నప్పుడు చూడ్డానికి చాలా బాగుంటుంది. దాని అడుగున ఊళ్లున్నాయి. గట్టు మీద నిలబడి ఫొటో తీసుకునే ముందు ఇల్లూ పొలమూ వదిలిపోయినవాళ్లను ఒకసారి తలుచుకోవాలి.

అక్కడినుంచి ఎడమ గట్టున దిగితే శ్రీముఖలింగం. ఈ ఒక్క ఊరికి రోజంతా ఇవ్వండి. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ కళింగ పద్ధతిలో గుండ్రంగా ఒంపు తిరిగిన శిఖరాలతో లేచి ఉంటాయి. మధుకేశ్వరాలయం ద్వారబంధాల మీద లతలు చెక్కిన తీరు దగ్గరికి వెళ్లి చూడాలి. స్వామి ఇప్పచెట్టులోంచి సవరలకు కనిపించాడని స్థలపురాణం. రాజులు కట్టించిన గుడికి కొండవాళ్ల చెట్టు మూలం కావడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. మహాశివరాత్రి తర్వాత జరిగే చక్రతీర్థ స్నానాలకు ఒడిశా నుంచి కూడా జనం ఏట్లో దిగుతారు.

గంగవంశీయుల కళింగ నగరం ఇదేనని శాసనాలు చూపించి వాదించినవాళ్లలో గిడుగువారు ఒకరు. ఇక్కడి రాళ్ల మీది పాత లిపిని ఆయన సొంతంగా నేర్చుకుని చదివారు. 1078లో పట్టానికొచ్చిన అనంతవర్మ చోడగంగదేవుడు రాజధానిని తర్వాత కటకానికి మార్చాడు. పూరీ జగన్నాథాలయ నిర్మాణం మొదలుపెట్టింది ఆయనే. కోణార్క కట్టించిన నరసింహదేవుడిదీ ఆ వంశమే. పూరీ, కోణార్క చూసి అబ్బురపడే మన యాత్రికుల్లో ఎంతమంది ముఖలింగంలో ఆగారు? స్తంభాల మీద ఉన్న అక్షరాల్లో తెలుగువీ ఎన్నో ఉన్నాయి. పక్కన ఒక బోర్డు పెట్టి వాటిలో ఏముందో చెబితే బడిపిల్లలు ఆగి చదువుతారు.

దిగువన సరుబుజ్జిలి వైపు దంతవరపుకోట మట్టికట్టలు మిగిలాయి. బుద్ధుడి దంతం ఉండిన దంతపురం ఇదేనని చాలామంది నమ్మకం. మడపాం వంతెన మీద జాతీయ రహదారి బళ్లు ఏటిని క్షణంలో దాటేస్తాయి.

గార మండలంలో, కుడి గట్టున శాలిహుండం. 1919లో ఈ బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చింది కూడా గిడుగువారే. తర్వాత పురావస్తు శాఖ తవ్వకాల్లో ఇటుక స్తూపాలు, చైత్యాలు, తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. కింద చిన్న ప్రదర్శనశాల ఉంది. కొండ మీద నిలబడితే ఏరూ, అది సముద్రంలో కలిసే చోటూ ఒక్క చూపులో అందుతాయి. భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో అప్పుడు అర్థమవుతుంది. ఓడలు వచ్చే చోటికీ, వర్తకులు నడిచే దారికీ ఇది దగ్గర. పైరు పండే పల్లం చుట్టూ ఉంది. భిక్షకూ ప్రచారానికీ ఇంతకంటే ఏం కావాలి!

ఆఖరున కళింగపట్నం. పాతకాలపు రేవు, ఆంగ్లేయుల హయాంలోనూ ఓడలు ఆగిన చోటు. దీపస్తంభం ఉంది, మదీనా బాబా దర్గా ఉంది. బీచ్‌లో స్నానానికి దిగేవాళ్లు ఏటి మొగకు దూరంగా ఉండాలి. అక్కడ ఇసుక మేటలు చోటు మారుతుంటాయి, లోతు తెలియదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఈ ఏరు ఎలా పొంగిందో గట్టు ఊళ్లవాళ్లను అడిగితే చెబుతారు.

రావాలనుకుంటే వానలు తగ్గాక, శివరాత్రి లోపు రండి. సముద్రం దగ్గర మొదలుపెట్టకండి. హిరమండలంలో దిగి, ముఖలింగంలో ఒక రాత్రి ఆగి, మర్నాడు పొద్దున్నే, ఎండెక్కకముందే శాలిహుండం ఎక్కండి.