జూమా? ఫిఫ్టీయా?

మా మలికిపురంలో ఫొటోల పిచ్చి ఉన్నవాడికి దేనికీ లోటుండదు. దిండిలో హౌస్‌బోట్లు, అంతర్వేదిలో భీష్మ ఏకాదశికి కదిలే రథం, గోదారి సముద్రంలో కలిసే చోట వాలే కొంగలు. లోటల్లా జేబులోనే! కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉంది. ఇంకొక్కటే కొనగలను. 70-300 జూమా, 50 ఎంఎం ప్రైమా?

యూట్యూబ్‌లో ఎవరి మాట వింటే వాళ్లదే కరెక్ట్ అనిపించింది. అందుకే నేనే లెక్కేసుకున్నా. 300 దగ్గర జూమ్ అపెర్చర్ ఎఫ్/5.6. ఫిఫ్టీది ఎఫ్/1.8. అంటే తొమ్మిది రెట్లకు పైగా ఎక్కువ వెలుతురు. దూరంగా ఉన్న కొంగ కావాలంటే మాత్రం జూమే దిక్కు. ఫిఫ్టీలో అది తెల్లటి చుక్క.

మరి నాకేం కావాలి? ఇప్పటిదాకా తీసినవన్నీ తిరగేశా. కొబ్బరిచెట్లు, పడవలు, సూర్యాస్తమయాలు వందల్లో ఉన్నాయి. నాన్నగారి ఫొటో సరైనది ఒక్కటీ లేదు. కొబ్బరి ఒలుపు పనికి తెల్లారకముందే వెళ్తారు, చీకటి పడ్డాక వస్తారు. ఆయన నాకు దొరికేది వసారాలో బల్బు కిందే. కిట్ లెన్స్‌కి ఆ వెలుతురు చాలదు, మొహం మసకే.

ఫిఫ్టీ కొన్నా. కొంగలు ఎక్కడికీ పోవు. నాన్నగారికి మొన్ననే అరవై దాటాయి.

మీరూ లెన్స్ కొనేముందు, మీ గ్యాలరీలో ఎవరు లేరో ఓసారి చూసుకోండి.