నల్లమల నుంచి జాడల లేఖలు

మన్ననూరు

నాన్నకు,

పెద్దపులి అడుగులో నాలుగు వేళ్ళు, వాటి వెనక వెడల్పాటి అరికాలు కనిపిస్తాయి. గోళ్ళు కనిపించవు, నడిచేటప్పుడు పులి వాటిని లోపలికి ముడుచుకుంటుంది. అరికాలి వెనక అంచు మూడు వంపులు తిరిగి ఉంటుంది. చిరుతదీ ఇదే అచ్చు, కాకపోతే చిన్నది. రేచుకుక్క, నక్క, దొమ్మలగొండి నడిచినచోట మాత్రం వేళ్ళ ముందు గోళ్ళు గుచ్చుకున్న చుక్కలు పడతాయి. దొమ్మలగొండి ముందరి పాదాలు వెనకవాటికన్నా బాగా పెద్దవి కావడంతో, తెలియనివాళ్ళు ఆ జాడను రెండు జంతువులదనుకుంటారు. ఎలుగుబంటికి అయిదు వేళ్ళు, పొడుగాటి వెనక పాదం. దాని ముందరి గోళ్ళ గీతలు వేళ్ళకు చాలా ఎడంగా పడతాయి. గిట్టల జంతువుల్లో చుక్కల దుప్పిది సన్నని, మొనదేలిన అచ్చు. కణితిది అదే తీరులో పెద్దది. అడవిపంది గిట్ట గుండ్రం. మెత్తటి మట్టిలో దాని వెనకవైపు చిన్న గిట్టలు కూడా ఇరుపక్కలా దిగుతాయి.

ఏ జంతువో తెలియడం మొదటి మెట్టు మాత్రమే. అది ఎప్పుడు వెళ్ళింది, ఏ పని మీద వెళ్ళింది అన్నవే అసలు ప్రశ్నలు. మెత్తని దుమ్ములో కొత్త అడుగు అంచులు పదునుగా నిలుస్తాయి. ఎండ ఎక్కి, గాలి తోలేకొద్దీ అవి రాలి గుంటలో పడతాయి. రాత్రి తిరిగే పురుగుల గీతలు అడుగు మీదుగా సాగితే జంతువు తెల్లవారకముందే పోయినట్టు. అవే గీతలు అడుగు కింద నలిగితే వాటి తర్వాత వచ్చినట్టు. ఎప్పుడు వాన పడిందో తెలిస్తే అచ్చులోని చినుకుల గుంటలు కూడా గడియారమే. జాడ చూసేవాళ్ళు పొద్దు ఏటవాలుగా ఉన్న వేళలోనే బయల్దేరతారు. సూర్యుడికి ఎదురుగా నిలబడితే ప్రతి గుంటలోనూ నీడ నిలిచి అచ్చు తేటపడుతుంది.

నడకలోనూ సమాచారం ఉంది. నింపాదిగా నడిచే పులి వెనక కాలు ముందరి కాలి అచ్చు మీదో, దానికి కాస్త ముందో పడుతుంది. వేగం పెరిగితే ఆ ఎడమూ పెరుగుతుంది. మేస్తూ పోయే దుప్పి గిట్టల అచ్చు మూసుకుని ఉంటుంది. ప్రాణభయంతో దూకినప్పుడు గిట్ట రెండుగా విచ్చుకుని లోతుగా దిగుతుంది, మట్టి వెనక్కి చిమ్ముతుంది. ఒకచోట మంద అడుగులన్నీ ఒక్కసారిగా విచ్చుకుని నలుదిక్కులా చెదిరితే, వేటజంతువు జాడ ఆ చుట్టుపక్కలే వెతకాలి. నల్లమలలో ఈ విద్య తరతరాలుగా చెంచులది. అటవీశాఖ బేస్ క్యాంపుల్లో ఇప్పుడు కాపలా కాసేవాళ్ళలోనూ, జాడలు తీసేవాళ్ళలోనూ చాలామంది వాళ్ళే.

వటవర్లపల్లి

నాన్నకు,

అడుగు జంతువు అనుకోకుండా వదిలేది. కొన్ని గుర్తులను మాత్రం జంతువే కావాలని పెడుతుంది, అవి సాటి జంతువులు చదువుకోవడానికి. పులి బాట మలుపుల్లోనూ, దారులు కలిసేచోటా వెనక కాళ్ళతో నేలను గీరుతుంది. మట్టీ ఆకులూ వెనక్కి పోగుపడతాయి కనక, పోగు ఉన్నవైపు పులి వీపు, రెండోవైపు దాని ముఖం. ఆ గీరుడు మీద పెంటో మూత్రమో ఉంటుంది. వాలిన చెట్టు బోదె మీదికి పులి తోక ఎత్తి వెనక్కి చిమ్మే ద్రవానికి బాస్మతి అన్నం వాసన ఉంటుంది. రెండింటిలోనూ ఒకే రసాయనం ఉందని ఆర్.ఎల్. బ్రహ్మచారి, ఆయన సహచరులు పరిశోధించి తేల్చారు. నేపాల్‌లోని చిత్వాన్ అడవిలో జరిగిన అధ్యయనంలో పులులు తమ హద్దుల దగ్గర ఎక్కువగా గుర్తులు పెడతాయనీ, ఆడపులి ఎదకు వచ్చేముందు ఆ గుర్తులు ఇంకా పెరుగుతాయనీ వెల్లడైంది. అంటే ఒకే మలుపులో కొద్దిరోజుల్లో గీరుళ్ళు ఎక్కువయ్యాయంటే, అక్కడ కొత్త పులి దిగిందా, జత కోసం పిలుపా అని ఆలోచించాల్సిందే.

పెంటను చూసి మొహం తిప్పుకునేవాళ్ళకు అడవి సగం అర్థం కానట్టే. పులి, చిరుతల పెంటలో అరగని వెంట్రుకలు మిగులుతాయి. ప్రయోగశాలలో వెంట్రుక లోపలి గుజ్జు అమరికను సూక్ష్మదర్శినిలో చూస్తే, తిన్నది దుప్పినా, కణితినా, అడవిపందినా, పశువునా అన్నది తెలుస్తుంది. ఊళ్ళ అంచున తిరిగే చిరుత నిజంగా మేకల మీద పడుతోందా అన్న తగవుకు ఇంతకంటే మంచి సాక్ష్యం అరుదు. దొమ్మలగొండి ఎముకలు నమిలి అరిగించుకుంటుంది కాబట్టి దాని పెంట ఎండితే సున్నంలా తెల్లబడుతుంది. రేచుకుక్కల గుంపు దారులు కలిసేచోట ఒకే దగ్గర మలవిసర్జన చేస్తుంది. మనుబోతూ, కొండగొర్రే పదేపదే ఒకే చోటికి వచ్చి పెంటికలు వేస్తాయి. ఆ కుప్పలో పాతవీ కొత్తవీ కలిసి ఉంటే, ఆ ప్రాంతం ఆ జంతువు నిత్య సంచారంలో ఉన్నదన్నమాట.

ఎలుగుబంటి పెంట కాలాన్ని బట్టి మారుతుంది. ఇప్పపూల రోజుల్లో వాటి పిప్పి, ఎండాకాలంలో తునికి గింజలు, తొలకరికి నేరేడు గింజలు, చలికాలంలో రేగు గింజలు, వీటన్నిటితోపాటు చెదపురుగుల తలలు, చీమలు. ఎలుగుకు పై దవడలో ముందరి పళ్ళు రెండు ఉండవు. పుట్టను గోళ్ళతో తవ్వి, మట్టిని ఊది పక్కకు తోసి, ఆ సందులోంచి చెదలను పీల్చేస్తుంది. అందుకే దాని తవ్వకం ఇరుకుగా, లోతుగా ఉండి గోడల మీద గోళ్ళ గాట్లు పడతాయి. అడవిపంది తవ్వితే నేల వెడల్పుగా, పైపైన తిరగబడుతుంది. తేనెపట్టు ఉన్న చెట్టు బోదె మీద ఎలుగు ఎక్కిన గాట్లు ఏళ్ళ తరబడి మాసిపోవు.

చంపిన జంతువు కంటపడితే కథ ఇంకా విప్పుకుంటుంది. పులి సాధారణంగా గొంతు పట్టి చంపుతుంది. కళేబరాన్ని పొదలోకీ నీటి దగ్గరికీ ఈడుస్తుంది, తినడం తొడల నుంచి మొదలుపెడుతుంది. చిరుత ఎక్కువగా పొట్ట, రొమ్ము వైపు నుంచి తింటుంది, వీలైతే చెట్టుమీదికి ఎక్కిస్తుంది. గొంతు మీద కోర గాట్లు లేకుండా, పొట్ట చీలి, మాంసం ముక్కలుగా చెదిరి ఉంటే రేచుకుక్కల పని. ఏ కళేబరం దగ్గరైనా ఆగి చూడటం ప్రమాదం. పులి తన వేటను వదిలి దూరం పోదు. కొండముచ్చుల అరుపు, దుప్పి కూత విన్నా తొందరపడి ఏదీ తేల్చుకోనక్కర్లేదు, అవి చిన్న అలికిడికీ అరుస్తాయి. కణితి మాత్రం పదేపదే గట్టిగా అరిస్తే వేటజంతువు దాని కళ్ళబడినట్టే అనుకోవచ్చు.

సున్నిపెంట

నాన్నకు,

అడుగు అచ్చుతోనే దేశంలోని పులులను లెక్కపెట్టిన కాలం ఉంది. ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌదరి 1966లో ఆ పద్ధతిని రూపొందించారు. అచ్చు మీద గాజుపలక పెట్టి గీసుకుని, ప్లాస్టర్‌తో పోతపోసి, ఒక్కో పులిని విడివిడిగా గుర్తించాలన్నది ఆలోచన. 1972లో దేశమంతటా జరిగిన తొలి గణనలో 1,827 పులులు తేలాయి. అయితే ఒకే పాదం బురదలో ఒకలా, దుమ్ములో మరోలా, ఇసుకలో ఇంకోలా పడుతుంది. గీసే చెయ్యి మారితే గీత మారుతుంది. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితం మీద పులులు ఉన్నాయి, 2005 నాటికి అడవిలో ఒక్కటీ మిగల్లేదని తేలింది. తప్పు జాడది కాదు. అది చెప్పగలిగినదానికి మించి దానితో చెప్పించబోయారు.

2006 గణన నుంచి దారి మారింది. ఒక్కో పులి చారలు ఒక్కో తీరు కాబట్టి కెమెరా ఫొటోలో పులిని గుర్తుపట్టొచ్చు. కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు ఒకలా ఉండవు కనక బాటకు రెండువైపులా జతగా కెమెరాలు కడతారు. అలాగని నడక ఆగలేదు. గణన మొదటి దశలో అటవీ గార్డు పరిధి అయిన ప్రతి బీట్‌లోనూ సిబ్బంది 15 కిలోమీటర్లు నడిచి వేటజంతువుల గుర్తులను నమోదు చేయాలి. కెమెరా ఏ చెట్టుకు కట్టాలో చెప్పేవి కూడా ఆ గీరుళ్ళూ, పెంటలూ, అడుగులే. 2014 రాష్ట్ర విభజన తర్వాత కృష్ణకు ఉత్తరాన 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, దక్షిణాన నాగార్జునసాగర్ శ్రీశైలం రిజర్వ్ వేర్వేరు పాలనల కిందికి వచ్చాయి. పులికి ఆ పాలనా సరిహద్దు తెలియదు. రెండు ఒడ్డుల ఫొటోలనూ పోల్చి చూస్తేనే ఒక పులిని రెండుసార్లు లెక్కించే పొరపాటు తప్పుతుంది. ఫొటో దొరకనిచోట పెంట మీద అంటుకున్న పేగు కణాల డీఎన్‌ఏ ఆధారం. జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన హైదరాబాద్ ప్రయోగశాల లాకోన్స్ ఇలాంటి నమూనాలనుంచి జాతినీ, ఆడా మగా అన్నదీ, ఒక్కొక్కప్పుడు ఆ జాతిలో ఫలానా జంతువేనని కూడా తేల్చగలుగుతోంది. నమూనా తాజాగా ఉండాలి, ఎండా వానా తగలకముందే తీసి భద్రపరచాలి. అది తాజాదో కాదో చూసి తేల్చవలసింది అక్కడ నడిచే మనిషే.