బందరు రోడ్డు బందరులో ఉండదు

సింగపూర్‌లో మొదటిసారి ఇల్లు వెతుక్కునేటప్పుడు నాకు ఏడో నెల. అమ్మ పురుడు పోయడానికి వస్తోంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అయినా పొద్దున్నే గుడికి వెళ్లొస్తేగాని కాఫీ గొంతు దిగదు. సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉందని, మనవాళ్లు ఎక్కువగా అక్కడికే వెళ్తారని, లిటిల్ ఇండియా బజారు కూడా ఆ రోడ్డు మీదేనని ఆఫీసులో చెప్పారు. సెరంగూన్‌లో ఇల్లు అద్దెకుందని తెలియగానే ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి చూశాం. ఎనిమిదో అంతస్తు, గాలీ వెలుతురూ బాగున్నాయి. మ్యాపు చూడాలన్న ఆలోచనే రాలేదు, పేరు అదే కదా. రెండేళ్ల అగ్రిమెంటు మీద సంతకాలు పెట్టేశాం.

అమ్మ వచ్చిన మర్నాడు గుడికి బయల్దేరితే గాని తెలియలేదు, అది నడిచి వెళ్లే దూరం కాదని. మెట్రో ఎక్కి నాలుగో స్టేషన్‌లో దిగాలి. లిటిల్ ఇండియా ఇంకో స్టేషన్ అవతల. అమ్మ రైల్లో మోకాలి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు "శనివారాలు వద్దాంలే" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నాకు ఎక్కువ బాధేసింది.

నాన్న విజయవాడలో ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఫోన్‌లో విషయం చెబితే కాసేపు ఆలోచించి అన్నారు: "ఏలూరు రోడ్డు ఏలూరులో ఉందా తల్లీ? బందరు రోడ్డు బందరులో ఉందా? రోడ్డుకి పేరొచ్చేది అది పోయే ఊరిని బట్టి. నీకు రోడ్డు బయల్దేరే చోట ఇల్లు కావాలి. అది చేరే చోట తీసుకున్నావు."

బందరు రోడ్డు మీద నడుస్తూ పెరిగినదాన్ని నేను. నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

తర్వాత మ్యాపు తీరిగ్గా చూశాను. సింగపూర్ తూర్పు నుంచి పడమరకి 50 కిలోమీటర్లు. విజయవాడ నుంచి బందరు అంతకన్నా దూరం. అంత చిన్న ద్వీపాన్ని అక్కడి ప్లానింగ్ వాళ్లు సెంట్రల్, ఈస్ట్, నార్త్, నార్త్ ఈస్ట్, వెస్ట్ అని ఐదు ప్రాంతాలు చేసి, వాటిని మళ్లీ 55 ప్లానింగ్ ఏరియాలుగా విడదీశారు. లిటిల్ ఇండియా రోచోర్ ఏరియాలో ఒక ముక్క. రోచోర్ సెంట్రల్ కిందకి వస్తుంది. మా సెరంగూన్ నార్త్ ఈస్ట్ కిందకి వస్తుంది. పేరు కలిసినా లెక్కలో ఎక్కడా కలవవు.

నేల మాత్రం తనంతట తాను మూడుగానే విడిపోయింది. నడుమ బుకిట్ తిమా గుట్ట ఉన్నచోట గ్రానైటు, పడమట వరుస మిట్టలూ పల్లాలూ, తూర్పున ఇసుకా గులకరాళ్లూ కలిసిన చదును నేల. మరి ఐదెందుకు? ఆ ప్రశ్నకు జవాబు నాకు రైల్లోనే దొరికింది. పనులన్నీ నడిబొడ్డునా ఇళ్లన్నీ అంచుల్లోనూ ఉంటే పొద్దున రైళ్లన్నీ ఒకే వైపు కిక్కిరిసిపోతాయి. అందుకే 1991 నాటి ప్రణాళికలో, నడిబొడ్డు మీద భారం తగ్గేలా తూర్పున టాంపినీస్, ఉత్తరాన వుడ్‌లాండ్స్, పడమట జురాంగ్ ఈస్ట్ వంటి చోట్ల ఆఫీసులూ బజార్లూ పెరగాలని రాసుకున్నారు. ఆ గీతలు మనుషుల పొద్దుటి ప్రయాణాన్ని తగ్గించడానికి గీసినవి. జనాభా లెక్కలకీ అవే వాడతారు. ఓట్ల గీతలు వేరు: సెరంగూన్‌లో కొంత భాగం సముద్రపు ఒడ్డునున్న మెరీన్ పరేడ్‌తో కలిసి ఓటేస్తుంది. ఒకే ఇల్లు, అడిగేవాళ్లని బట్టి ఒక్కో గీత లోపల ఉంటుంది.

ఆ ప్రణాళిక మా ఇంటి చుట్టూ ఎలా ఉందో అమ్మ ఉన్నన్నాళ్లూ కళ్లతో చూశాను. లిఫ్టు దిగితే బిల్డింగు కింద నలుగురూ కూర్చునే ఖాళీ జాగా, అది దాటితే పిల్లల ఆట స్థలం, ఇంకాస్త ముందుకెళ్తే కూరల కొట్లు, దగ్గర్లోనే టీకాలు వేసే క్లినిక్. నెలలు నిండిన నాకూ, మోకాళ్లు నొప్పెట్టే ఆమెకూ సరిపోయే నడక. కరివేపాకు కట్ట చేత్తో పట్టుకుని, బెంచీ మీద తమిళ ముసలావిడ పక్కన కూర్చుని, సగం సైగలతో గంట సేపు మాట్లాడేది. గుడికి దూరం చేశానని కుమిలిపోతున్న నేను, ఆమె గడిపే రోజుకి కావలసినవన్నీ ఎవరో ముందే కొలిచి చుట్టూ పెట్టారని ఆలస్యంగా గమనించాను. ఈ మధ్య నెల్లూరు అబ్బాయి ఒకడు "అక్కా, సెరంగూన్‌లో ఇల్లు దొరికింది" అని ఫోన్ చేస్తే, రేటు అడగలేదు. ఇంట్లో ఎవరెవరుంటారు, రోజూ ఎక్కడెక్కడికి వెళ్లాలి అని అడిగాను.

బాబు అన్నప్రాసనకి నాన్న కూడా వచ్చారు. భోజనాలయ్యాక బల్ల మీద మ్యాపు పరిచాను. ఉద్యోగమంతా స్టేజీల లెక్కలోనే గడిచిన మనిషి. ఒక్కో ఏరియా మీద వేలు పెట్టి పేరు చదివించుకున్నారు. ద్వీపం సరిగ్గా నడుమ, ఏ స్టేషనూ లేని పెద్ద పచ్చ ముక్క దగ్గర వేలు ఆగింది.

"ఇదేంటి, పేరుందా?"

"సెంట్రల్ వాటర్ క్యాచ్‌మెంట్ నాన్నా. పేరు సెంట్రల్, లెక్క మాత్రం నార్త్‌లో. ఇదీ 55లో ఒకటే."

"ఎంతమంది ఉంటారు?"

"ఇళ్లుండవు. అడవీ చెరువులూ. తాగే నీళ్ల కోసం అలా ఉంచారు."

నాన్న కళ్లజోడు సర్దుకుని ఆ గీత చుట్టూ వేలితో మెల్లగా ఒక రౌండు తిరిగొచ్చారు. "ఎవరూ దిగని స్టేజీ," అన్నారు, "దాన్ని కూడా లెక్కలో రాశారు." తర్వాత లేచి, కుళాయి దగ్గర గ్లాసు నింపుకుని నిదానంగా తాగారు.