వంజరం చిక్కాకే అసలు పని!

తెలుగులో రాస్తే రెండూ ‘ట్రాలింగే’. కానీ ఒకదానికీ మరోదానికీ హస్తిమశకాంతరం. మొదటిది, పెద్ద మరబోటు సంచిలాంటి వలని సముద్రం అడుగున ఈడ్చుకుంటూ పోయేది. రొయ్యా పీతా పిల్లచేపా... అడ్డొచ్చినవన్నీ అందులోకే. అందుకే 1994 నాటి రాష్ట్ర చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా చిన్న పడవలకి వదిలి, మరబోట్లని అంతకు ఆవలే వేటాడమన్నారు. రెండోదానికి ఇంత హంగామా లేదు. పడవ వెనక పొడవాటి తాడు, దాని చివర గాలం, గాలానికి మెరిసే ఎర. అంతే! పడవ కదులుతుంటే ఎర చిన్న చేపలా నీళ్లలో పరిగెడుతుంది. వెంటపడి కరిచిన చేప ఒక్కటే చిక్కుతుంది. ఆ ఒక్క చేపని మన కంచం దాకా పాడవకుండా తేవడం వెనక ఎంత కథ ఉందో తెలుసా?

ఒంగోలు నుంచి తూర్పుగా ఇరవై కిలోమీటర్ల లోపే కొత్తపట్నం. పత్తీ మిరపా పొగాకూ పండే నేలలు వెనకపడి, బకింగ్‌హామ్ కాలువ దాటితే ఇసుక, ఆపైన సముద్రం. తెల్లవారకముందే ఫైబరు పడవల్ని భుజాలు ఆనించి అలల్లోకి తోస్తారు. ఈ తీరంలో వేట ప్రధానంగా వలలతోనే. కాకపోతే వల వేసే చోటికి వెళ్తూనో, తిరిగొస్తూనో వెనక ఒక గాలం వదిలితే అదనంగా డీజిలు ఏమీ కాలదు. తగిలితే వంజరమో సూరో... రెండూ డబ్బు తెచ్చే చేపలే. తగలకపోతే పోయేదేమీ లేదు.

అలాంటి ఓ పడవలో తండ్రీ కొడుకూ ఉన్నారనుకోండి. గంటకి ఎనిమిది, పది కిలోమీటర్ల వేగంతో పడవ సాగుతోంది. దూరంగా పక్షులు నీళ్లలోకి మునిగి లేస్తున్నాయి. అంటే అక్కడ కవళ్ల గుంపు ఉందని, దాని కింద పెద్ద చేప ఉండొచ్చని లెక్క. పడవ అటు తిరుగుతుంది. ఉన్నట్టుండి తాడు బిగుసుకుంటుంది.

‘‘నాయనా, తగిలింది!’’

‘‘ఇంజను తగ్గించు అబ్బయ్యా. తాడు చేతికి చుట్టుకోబాకు, ఏళ్లు తెగుతాయ్!’’

వంజరం పళ్లు కత్తెరలాంటివి. అందుకే గాలానికి పైన జానెడో మూరెడో ఉక్కు తీగ కడతారు. ఉత్త నైలాను తాడైతే పుటుక్కున కొరికేస్తుంది. పడవలోకి లాగాక కూడా దాని నోటి దగ్గర చెయ్యి పెట్టకూడదు. నాలుగైదు కిలోల చేప ఊగే పడవలో తోక కొట్టుకుంటూ ఎగురుతుంటే గాలం ఎవరికి గుచ్చుకుంటుందో చెప్పలేం. అందుకే ముందు తల మీద దుడ్డుకర్రతో ఒక్క దెబ్బ. కాసేపు గిలగిల్లాడి అలిసిపోనీలే అనుకుంటే ఒళ్లు వేడెక్కి కండ పాడవుతుంది. కాబట్టి ఆ దెబ్బ చేపకీ మేలే, మనిషికీ మేలే.

ఇక్కడి నుంచి గడియారంతో పోటీ. మొప్పల దగ్గర కత్తితో కోసి నెత్తురు వదిలించాలి. పొట్ట చీల్చి పేగులు తీసెయ్యాలి. చేప బతికుండగా తిండిని అరిగించిన రసాలే, చచ్చాక దాని పొట్టనే కరిగించడం మొదలెడతాయి మరి! తర్వాత మొప్పలు తీసి, శుభ్రమైన సముద్రపు నీళ్లతో కడిగి, పొట్టలో కూడా ఐసు కూరి పెట్టెలో పడుకోబెట్టాలి. మనలాంటి వేడి దేశంలో చేప ఎంత బరువుంటే ఐసూ అంత ఉండాలన్నది నిపుణుల లెక్క.

సూర విషయంలో తొందర మరీ ఎక్కువ. ఆ చేప ఒళ్లు చుట్టూ ఉన్న నీళ్లకన్నా వేడిగా ఉంటుంది. పైగా సూర, వంజరం, కానాగంతల్లాంటి వాటిని ఎండలో వదిలేస్తే సూక్ష్మజీవులు చేరి కండలో హిస్టమిన్ తయారుచేస్తాయి. తిన్నవాళ్లకి మొహం ఎర్రబడటం, దురదలు, తలనొప్పి. ఎంత ఉడకబెట్టినా అది పోదు. పులుసులో చింతపండు ఎంత పిసికినా లాభం లేదు!

తెరచాప పడవల్లో నెలల తరబడి సముద్రాలు తిరిగే విదేశీయులూ వెనక ఇలాంటి తాడే వదులుతారు. పట్టిన చేపని పడవ చివరే కోసి, బకెట్లతో నీళ్లు పోసి నెత్తురు కడిగేస్తారు. పద్ధతి ఒక్కటే. కానీ వాళ్లకి అది ఆ పూట కూర. కొత్తపట్నం పడవకి అది డీజిలు అప్పు, వల బాగుచేయించే ఖర్చు, పిల్లాడి ఫీజు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజుల వేట నిషేధం. ఆ రెండు నెలలకీ మిగిలిన పది నెలల్లోనే దాచుకోవాలి. ఐసు కొనాలంటే చేప దొరక్కముందే డబ్బు పెట్టాలి. దొరక్కపోతే ఐసు కరిగి నీళ్లు, డబ్బూ నీళ్లే!

ఇంత కష్టపడి శుభ్రం చేశాక ఒడ్డున ఇంకో చిక్కు. మన అలవాటు! చేపల మార్కెట్లో మొదట చూసేది మొప్పలే కదా. ఎర్రగా ఉంటే తాజా, నల్లబడితే నిల్వ. ఆ పరీక్ష మంచిదే. కానీ మొప్పలే లేకపోతే? ‘ఏదో దాస్తున్నారు’ అని మొహం తిప్పుకుంటాం. అందుకే త్వరగా పాడయ్యే మొప్పల్నీ పేగుల్నీ చేపలోనే ఉంచి మార్కెట్‌కి తేవడం మామూలైపోయింది. మన అనుమానం తీర్చడానికి మన కూరకే నష్టం!

మొప్పలు లేని చేపనీ పరీక్షించొచ్చు. వేలితో నొక్కితే గుంట పడకుండా కండ వెంటనే పైకి రావాలి. కళ్లు లోపలికి పోకుండా తేటగా ఉండాలి. పొట్ట లోపలి గోడ చిరగకూడదు. సముద్రం వాసన రావాలి తప్ప పుల్లటి కంపు రాకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, చేప ఐసులో ఉందా లేదా అన్నది. ఈసారి వంజరం ముక్కలు కొట్టించుకునేటప్పుడు ‘మొప్పలేవమ్మా?’ అని నిలదీసేముందు, ‘పడవలోనే తీశారా?’ అని అడిగి చూడండి. అవునంటే, కండ కూడా గట్టిగా ఉంటే, కాస్త ఎక్కువిచ్చినా తప్పులేదు. ఆ డబ్బులో కొంత రేపటి ఐసుకి వెళ్తుంది.