నెల వెళ్లని బిడ్డ కన్నులు

దుమ్ముగూడెము చెంత అడవి యంచున మా మేనకోడలి యత్తవారి యూరు. ఆమెకు 31 వారములకే ఖమ్మములో కాన్పయినది. శిశువును ప్రాణవాయువు పెట్టి బ్రతికించి, ఇరువదియవ దినమున ఇంటికి పంపుచు, నెలలోపల కన్నులు పరీక్ష చేయింపుడని వైద్యులు చెప్పిరి. మేము చూడబోయినపుడు బిడ్డ నాయనమ్మ, “నెల వెళ్లందే పసిగుడ్డును పొలిమేర దాటించం, అన్నయ్యగారూ” అనెను. మేమును తలయూపితిమి. పది దినములలో మునిగిపోవునదేమని మాకు తోచినది.

ఆ రాత్రి ఆస్పత్రివా రిచ్చిన కాగితము చదివి, పిదప పుస్తకములు తిరుగవేసి, మా తలయూపునకు మేమే సిగ్గుపడితిమి.

కంటి లోపలి పొరయగు రెటీనా మెదడునుండి మొలచినదే. నాడీకణములకు ఆలంబనమగు కణములను 19వ శతాబ్దమున విర్ఖో పండితుడు జిగురువంటి వని తలచి గ్లియా యని పేరిడెను. ఆ పేరు వానికి చాల అన్యాయము చేసినది! వానిలో నక్షత్రాకారము గలవి గర్భస్థ శిశువు కంటిలో ముందుగా వ్యాపించును. తునికాకు కోయువారు త్రొక్కిన కాలిబాటనే పిదప బండ్లు పోవునట్లు, రక్తనాళములు వాని జాడనే సాగును. చెవివైపు అంచు చేరుసరికి తొమ్మిది నెలలు నిండవచ్చును.

ఆ కణములలో నొక మాంసకృత్తు ఎడతెగక తయారగుచుండును. ప్రాణవాయువు చాలినంత యున్నయెడల దానిపై నొక గుర్తు పడును. గుర్తు పడినదానిని కణము ముక్కలు చేయును. వాయువు తగ్గెనా, గుర్తు పడదు. అది కేంద్రకము చేరి వి.ఇ.జి.ఎఫ్. అను మరియొక మాంసకృత్తును పుట్టించును. ఈ మర్మము విప్పిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమానము వచ్చినది. కణము ఆ రెండవదానిని మడిచి, చక్కెర తగిలించి, వెలికి పంపును. పొట్టి రకములు దూరము పోవును; పొడవైనవి దగ్గరనే అంటుకొని, నాళపు కొనకు త్రోవ చూపును.

నెలలు నిండని బిడ్డకు ప్రాణవాయువు పెట్టినపుడు ఆ పిలుపు ఆగిపోవును. నాళములు నడుమనే నిలిచిపోవును. కొన్ని వారములకు పెరిగిన రెటీనా ఆకలిగొని ఒక్కసారిగా కేకలు వేయును. అప్పుడు పుట్టునవి వెర్రి నాళములు. అవి రెటీనాను పట్టి లాగివేసినచో చూపు పోవును. వేళకు కనిపెట్టినచో లేజరుతో గాని, వి.ఇ.జి.ఎఫ్.ను అణచు మందుతో గాని ఆపవచ్చును. 34 వారములకు ముందు పుట్టిన బిడ్డను నాలుగు వారములలోపల చూపవలెననుట అందుకే.

నాయనమ్మగారి కట్టడి మూఢత్వమని మేమనము. మన్యపు జ్వరముల నడుమ పసిబిడ్డలను కాచిన కట్టడి యది. ఏడవ నెల శిశువు బ్రతికి బట్టకట్టునని అది పుట్టిననాడు ఎవరు కలగనిరి? మరునాడు ఆమెకు ఇదంతయు కాలిబాట ఉపమానముతోనే చెప్పితిమి. ఆమె చాలసేపు పలుకలేదు. “కన్ను పోతే నెల ఎందుకు?” అని తానే బిడ్డకు గుడ్డలు చుట్టినది.

ఇరువదియేడవ దినమున భద్రాచలము, కొత్తగూడెముల మీదుగా ఖమ్మము చేరితిమి. వెర్రి నాళములు లేవు. కాని చెవివైపు అంచునకు మంచి నాళములును ఇంకను చేరలేదు. రెండు వారములకు మరల రమ్మనిరి. ఇల్లు చేరిన పిదప ఆమె గోడ క్యాలెండరులో ఆ గడి చూచినది. అమావాస్య. వ్రేలు దానిపైననే యుంచి, “తెల్లవారుజామునే బయల్దేరదాం, అన్నయ్యగారూ” అన్నది.