కన్ను మూయని కెమెరా

పొరుగింటికి బదులిచ్చిన మానెడు బియ్యము తిరిగి వచ్చినదా లేదా యని గుర్తుంచుకొనుట మనకు నిత్యకృత్యము. ఆ లెక్కయే మొన్న వేసవిలో ఒక కెమెరా విషయమున మా కక్కరకు వచ్చెను.

మా పెరటి చూరుక్రింద మావారు కట్టిన చెక్కపెట్టెలో పిచ్చుకలు గ్రుడ్లు పెట్టెను. బడిపిల్లలకు వానిని చూపవలెనని మావారి కోరిక. మా తమ్ముడు అరచేతిలో నిముడు చిన్న కంప్యూటరును, కెమెరాను, బ్యాటరీని తెచ్చి యమర్చెను. అయిదు నిమిషముల కొకమారు కెమెరా మేల్కొని, చిత్రము తీసి, మరల నిద్రింపవలెను. ప్రొద్దుగ్రుంకువరకు రావలసిన బ్యాటరీ కొన్ని దినములలో నాలుగు గంటలకే ఆరిపోవుచుండెను. కూనలు ఎగిరిపోయినది అట్టి యొక సాయంకాలముననే. మరునాడు పిల్లలు వచ్చి ఖాళీపెట్టెను చూచి మాటాడక వెడలిపోయిరి. నెలాఖరైనను మావారు పెద్ద బ్యాటరీ కొందుమనిరి.

తమ్ముడు తన డ్రైవరును తానే వ్రాసికొనెను. డ్రైవరనగా కంప్యూటరు పక్షమున కెమెరాచేత పని చేయించు ప్రోగ్రాము. కెమెరాలో వెలుతురును గ్రహించు చిప్పును సెన్సరందురు. దానిని మేల్కొలుపుటకు ఒక మర్యాద కలదు. రాస్ప్‌బెర్రీ పై వారి 2016 నాటి కెమెరాలోని సోనీ ఐఎంఎక్స్ 219 సెన్సరునే తీసికొనుడు. దానికి 2.8, 1.8, 1.2 వోల్టుల చొప్పున మూడు తెరగుల కరెంటు కావలెను. పిమ్మట క్లాకు. ఇది గోడగడియారము కాదు. సెకనుకు 2 కోట్ల 40 లక్షల మారులు కొట్టుకొను తాళము. ఆపైని రీసెట్టు తీగను విడిచి, 6 మిల్లీసెకనులకు పైగా ఊరకుండవలెను. అప్పుడు గాని డ్రైవరు పలుకరింపరాదు. పలుకరించి మొదట దాని గుర్తుసంఖ్య నడుగును. తొందరపడినచో బదులే రాదు. పొయ్యి రాజకముందే యెసటిలో బియ్యము పోసినట్లే యగును.

లోనికి పోవు త్రోవ ఇది. నడుమ క్లాకు అందకపోయినచో, అంతకుముందిచ్చిన కరెంటును తీసివేసి మరి వెనుదిరుగవలెను. పద్మవ్యూహము చొచ్చుటయే కాని వెడలుట యెరుగని అభిమన్యుడు మాకు జ్ఞప్తికి వచ్చెను.

ఒకే కెమెరాను పలువురు కోరవచ్చును గనుక లినక్సులో ఒక లెక్క యుంచుదురు. కావలెనన్నవారు ఒకటి కలుపుదురు, పని తీరినవారు ఒకటి తగ్గింతురు. సున్న అయిననే కరెంటును క్లాకును ఆపుదురు. మరల వెంటనే పిలుతురేమోయని కొన్ని డ్రైవర్లు ఒక సెకను వేచియుండును. ఇది మాకు మిక్కిలి నచ్చినది.

ఒకనాటి మధ్యాహ్నము, కెమెరా నిద్రింపవలసిన వేళ దానిపై వ్రేలుంచగా వెచ్చగా తగిలెను. "తమ్ముడూ, దీని నెవరో పట్టుకొని విడువలే"దంటిమి. వాడు నవ్వి, "బ్యాటరీ పాతదక్కయ్యా" యనెను. అయినను మా పోరు పడలేక డ్రైవరును మా యెదుట చదివెను. మేము కాగితముపై, కలిపినచోట ఒక గీత, తగ్గించినచోట ఒక సున్న పెట్టుచుంటిమి. ఒకచోట గీత యున్నది, సున్న లేదు. సెన్సరునకు ఆజ్ఞలు వ్రాయునపుడు తప్పు దొర్లినచో, లెక్క తగ్గింపకయే ప్రోగ్రాము వెనుదిరుగుచున్నది! పెట్టెలోని తీగ గాలికి కదలినప్పుడెల్ల ఆ తప్పు దొర్లుచుండెను. పైగా కరెంటు తీసినచో చిత్రము తానే ఆగునని తలచి, వాడు ఆపుమని వేరుగా చెప్పి యుండలేదు. లెక్క సున్నకు రాదు, కరెంటు పోదు. సెన్సరు దినమెల్ల చూచుచునే యుండెను. చిత్రములు మాత్రము చక్కగా వచ్చుచుండుటచే ఎవరికిని అనుమానము రాలేదు.

తమ్ముని మొగము చిన్నబోయెను. ఇట్టి పొరపాటు పెద్దలకును తప్పలేదట. లినక్సులో పూర్వమునుండి యున్న ఒక పిలుపు, పరికరము మేల్కొనకపోయినను లెక్కను పెంచియే యుంచును. అది యెరుగక అనేక డ్రైవర్లలో లెక్క తప్పుచుండగా, మేల్కొనని యెడల తానే తగ్గించు క్రొత్త పిలుపును 2020లో చేర్చిరి. ఈ మాట వాడే చెప్పి కొంత తేరుకొనెను.

దిద్దినది నాలుగు పంక్తులు. తీగను బిగించి కట్టితిమి. ఇప్పుడు దీపాలవేళ దాక బ్యాటరీ నిలుచుచున్నది, పెద్దది కొనలేదు. నిన్న ఉదయము మగపిచ్చుక నోట గడ్డిపరకతో పెట్టెపై వ్రాలినది. మూడవ తరగతి చిన్నది బడికి పోవుచు, "చిత్రము వచ్చినదా అమ్మగారూ?" అని మా గుమ్మమువద్ద నిలిచినది.